ముందుకి ఒక్కసారే

తెలివి గురించి ఎవరైనా మాట్లాడితే పోలమ్మ మనవలు ముగ్గురికీ నవ్వొచ్చేది. లోకంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే తిని పడుకుంటుంటే ఈ జనం దేని గురించి మాట్లాడుతున్నారా అని. పెద్దవాడు తవిటయ్య, నడిమివాడు సన్యాసి, చిన్నవాడు గవరయ్య. ముగ్గురూ పదో తరగతే. తమ్ముడు వచ్చి కలిసేదాకా పెద్దవాళ్ళిద్దరూ ఆ తరగతిలోనే ఆగారు. చిన్నవాణ్ణి వెనక వదిలేసి పోవడం తెలివైన పనా మరి?

ఆ హైస్కూల్లో ఆటల టీచరు సుగుణమ్మ. ఎక్కడో శిక్షణకి వెళ్ళి అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చుకొచ్చింది. మామిడికాయలా ఉంటుంది బంతి. దాన్ని చేత్తో పట్టుకుని అవతలి చివరి గీత దాటించాలి. ఎదుటివాళ్ళు మీదపడి ఆపుతారు. హెడ్మాస్టరుకి ఈ ఆట గిట్టదు. మైదానం జీడిపిక్కలు ఆరబోసుకోడానికి ఇచ్చేద్దామని ఆయన ఆలోచన. పక్కూరి హైస్కూలు మీద గెలిస్తే మైదానం మీది, ఓడితే పిక్కలది అని తేల్చేశాడు. సుగుణమ్మకి ఆ మైదానమే ప్రాణం. ఆవిడకి ఆ రోజునుంచీ ముద్ద దిగలేదు.

పిల్లల్ని కూచోబెట్టి, బంతి ముందుకి విసరడానికి షరతులు చెప్పింది. ఆట మొదలయ్యే చోట అడ్డంగా ఓ గీత ఉందనుకోవాలి, విసిరేవాడు దాని వెనకే ఉండాలి. బంతి కదిలి మళ్ళీ ఆగేదాకా ఒక విడత; ఒక్కో విడతలో ముందుకి ఒక్కసారే విసరాలి, వెనక్కైతే ఎన్నిసార్లైనా విసరొచ్చు. ఆ గీత వెంట నిలబడ్డ వరసకి రెండు చివర్లా ఉన్నవాళ్ళూ, వరస వెనక ఉన్నవాళ్ళూ మాత్రమే దాన్ని పట్టాలి. వరస మధ్యలో ఉన్నవాళ్ళకి అర్హత లేదు. గవరయ్యది మధ్య చోటు.

ఇంటికొచ్చి ముగ్గురూ అన్నానికి కూచున్నారు. పోలమ్మ పప్పుగిన్నె ముందుకి చాపి సన్యాసికి అందించింది. వాడి ముందు గవరయ్య ఆకలితో చెయ్యి చాపాడు. ముందుకి ఒకసారి అయిపోయింది కదా. ఇంకేముంది, సన్యాసి గిన్నెని వెనక్కి విసిరాడు. వెనకున్న తవిటయ్య ఇంకా వెనక్కి విసిరాడు. గిన్నె గుమ్మం దాటి దొడ్లో గేదె ముందు పడింది. పోలమ్మ పప్పు పోయిందని ఏడవలేదు. మనవలకి పాఠం ఎంత బాగా వంటబట్టిందోనని మురిసిపోయింది.

పందెం రోజొచ్చింది. అంపైరు వీళ్ళ మేనమామ లచ్చుమయ్య. ఇంట్లోకి తెలివి ఆ వైపునుంచే వచ్చింది.

మొదటి విడతలోనే తవిటయ్య విసిరిన బంతి తిన్నగా వచ్చి గవరయ్య ఒళ్ళో పడింది. వాడు నిప్పు పడ్డట్టు అదిరిపడ్డాడు. తనకి అర్హత లేదాయె. పక్కనే పక్కూరి కుర్రాడుంటే మర్యాదగా అడిగాడు.

"బాబూ, దీన్ని పట్టుకునే అర్హత నీకుందా?"

"ఉంది. ఇలా తే."

అంతే. వాడు బంతి తీసుకుని పరిగెత్తి వీళ్ళ చివరి గీత దాటేశాడు. అర్హులకే ఇచ్చాం కదా అని గవరయ్య ఛాతీ విరుచుకున్నాడు. సుగుణమ్మ తల పట్టుకుంది.

ఆ తర్వాత సన్యాసికి ఓ ఆలోచన తట్టింది. విడతకి ఒకటి చొప్పున ఇచ్చారు, మనం చాలా విడతల్లో అసలు విసరనేలేదు, అవన్నీ మిగిలినట్టే కదా అన్నాడు. ఇంకేముంది, మిగిలినవన్నీ ఒకేసారి వాడేశారు. తవిటయ్య ముందుకి, సన్యాసి ఇంకా ముందుకి, మళ్ళీ తవిటయ్య ఇంకా ముందుకి విసురుకుంటూ పోయి చివరి గీత దాటేశారు. పక్కూరివాళ్ళు గొడవకి దిగారు. పిల్లలు దాచుకున్నవి వాడుకుంటే మీకేం బాధ అన్నాడు లచ్చుమయ్య. సుగుణమ్మకి అబద్ధపు గెలుపు వద్దు. తనే వెళ్ళి, రెండోసారి విసరడం తప్పని చెప్పి, బంతిని వెనక్కి జరిపించింది.

అది చూసి తవిటయ్యకి జ్ఞానోదయమైంది. వెనకుండటం మంచిదైతే, ఎంత వెనకుంటే అంత మంచిది.

మిగతా పిల్లలు ఎలాగో ఓసారి గీత దాటించి లెక్క సమం చేసేసరికి మిగిలింది ఒక్క విడత. దాటిస్తే గెలుపు, లేకపోతే పిక్కలు. తవిటయ్య బంతి అందుకుని వెనక్కి నడిచాడు. నడిచి నడిచి మైదానం దాటాడు, రోడ్డెక్కాడు, ఆగి ఉన్న బస్సెక్కాడు. బస్సు కదిలింది. బంతి తిరిగొచ్చేదాకా ఆట అవదని లచ్చుమయ్య ఈల నోట్లోనే పెట్టుకుని కూచున్నాడు. పక్కూరివాళ్ళు విసుగెత్తి చెట్టు నీడకి పోయారు.

బస్సు ఊరు చుట్టి వచ్చి మైదానం అవతలి కొసన ఆగింది. తవిటయ్య దిగాడు. గెలుపు గీతకి ఒక్క అడుగు ఇవతల నిలబడ్డాడు. అడ్డొచ్చేవాడే లేడు. సుగుణమ్మ అటు పరిగెత్తింది.

"టీచరుగారూ, తప్పైపోయింది. ముందుకొచ్చేశాను. ఇక్కణ్ణించి విసరకూడదు."

"విసరొద్దు నాయనా. గీత దాటు, చాలు."

తవిటయ్య బుద్ధిగా బంతి కింద పెట్టి గీత దాటాడు.

లచ్చుమయ్య ఈల ఊది, వంగి బంతిని చూశాడు, లేచి మేనల్లుణ్ణి చూశాడు. మనిషి దాటాడు, బంతి దాటలేదు. సగం గెలుపు అని తీర్పిచ్చాడు. హెడ్మాస్టరు కూడా న్యాయస్థుడే. సరే, మైదానంలో సగం మీది, సగం పిక్కలది, మీ సగం మీరే కోరుకోండి అన్నాడు. సుగుణమ్మ నోరు తెరిచేలోపు అన్నదమ్ములు ముగ్గురూ ఒక్క గొంతుతో వెనక సగం అడిగి పుచ్చేసుకున్నారు. ముందు సగంలో జీడిపిక్కల బస్తాలు దిగాయి, చుట్టూ కంచె కూడా లేచింది.

"ఒరేయ్, విసిరింది పట్టుకునేవాళ్ళు ఎక్కడ నిలబడతార్రా?" అంది సుగుణమ్మ నీరసంగా.

"ఆ కంచె లోపలికి ఎవణ్ణీ రానివ్వరు టీచరుగారూ," అన్నాడు తవిటయ్య. "ఇంక చూడండి, మనం విసిరిన బంతిని ఎదుటివాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు పట్టుకోలేడు."