ముందే చెప్పే యంత్రం

మస్తానయ్య గారిని ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పరు. అడిగినవాళ్ళ చేతనే ఆ ప్రశ్నను ఇంకోసారి చెప్పిస్తారు. రెండోసారి చెప్పేటప్పటికి చాలామంది ప్రశ్న మారిపోతుంది. కొందరైతే నవ్వేసి ఊరుకుంటారు. ఆయన ఏ పీఠానికీ చెందినవారు కారు, కాషాయం కట్టరు. గుంటూరు ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు కార్లకు కరెంటు పని చేసి, ఒకనాడు షాపు మూసేసి, ఆదివారం పొద్దున పూట ఇంటి వసారాలో నలుగురితో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. మేమంతా ఆయన్ని ఇప్పటికీ మేస్త్రిగారనే పిలుస్తాం.

ఆ ఆదివారం ప్రశ్న అరుంధతి గారిది. ఆమె హైస్కూల్లో సైన్సు చెబుతారు, ఆరేళ్ళుగా వస్తున్నారు. రెండు నెలల కిందట ఆమె భర్త పాత మిల్లు పడగొట్టే చోట పనిలో ఉండగా గోడ మీద కూలి చనిపోయారు. పొద్దున కాఫీ తాగి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిన మనిషి. ఆ తర్వాత ఆమె రావడం అదే మొదలు.

"ఒక్క సూచనైనా ఎందుకివ్వలేదు మేస్త్రిగారూ? ఒక తుమ్ము, ఒక పీడకల, గుమ్మం దాటేటప్పుడు కాలికి దెబ్బ... ఏదైనా సరే. నేను ఆపేసేదాన్ని. దేవుడికి అన్నీ ముందే తెలుసంటారు గదా. తెలిసినవాడు చెప్పాలా, వద్దా?"

మేస్త్రిగారు ఆమెను మళ్ళీ చెప్పమన్నారు. ఆమె చెప్పారు. ఒక్క మాట కూడా మారలేదు. ఆయన తన అరచేతుల వైపు చూసుకుని, అంతవరకు మాలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. అదే నేనిక్కడ రాస్తున్నాను.

షాపు బాగా నడిచే రోజుల్లో ఆయన దగ్గరికి కిరీటి అనే అతను వస్తుండేవాడు. మిరపకాయల కోల్డు స్టోరేజీ యజమాని, ముప్ఫై నాలుగేళ్ళవాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు ఉండేది. విదేశీ కారు, రెండే తలుపులు, నేలకు జానెడెత్తు. మనిషి చెడ్డవాడు కాదు. షాపులో పనిచేసేవాళ్ళందరినీ పేరు పెట్టి పలకరించేవాడు. ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చిందో కూడా గుర్తుంచుకుని అడిగేవాడు. కాని ఆ కారెక్కి హైవే మీదికి వెళితే అతనికి ఇంకేదీ గుర్తుండేది కాదు. పోలీసులు స్పీడ్ గన్‌తో రెండుసార్లు పట్టుకున్నారు. రెండోసారి పక్కన భార్య హరిణి ఉంది, వెనక నుంచి వచ్చే బస్సులోని జనమంతా తొంగి చూశారు. అది అతనికి తలకొట్టేసినట్టయింది.

"పోలీసులున్నారని ముందే చెప్పే యంత్రం ఉంటుందట గదా మేస్త్రిగారూ. మంచిది చూసి పెట్టండి. పెట్టినట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

రాడార్ డిటెక్టర్ అనేదాన్ని మేస్త్రిగారు అంతకుముందు చూడలేదు. కిరీటి మూడు రకాలు తెప్పించాడు. ఆ దారిలో పోలీసులు అప్పట్లో వాడే గన్ రాడార్ తరంగాలు వదిలేది. వాటిని దూరం నుంచే పసిగట్టి అరవడం ఈ యంత్రాల పని. మేస్త్రిగారు మూడింటినీ తన పాత వ్యానులో పెట్టుకుని, వారం రోజులు చిలకలూరిపేట దాకా వెళ్ళి వచ్చారు. మొదటిది, అలాంటి తరంగాలతోనే తనంతట తాను తెరుచుకునే షాపు తలుపు దగ్గరికొచ్చినా అరిచేది. ప్రతిదానికీ అరిచేదాన్ని మనిషి నాలుగు రోజుల్లో వినడం మానేస్తాడని దాన్ని పక్కన పెట్టారు. రెండోది ముందు వైపు బాగా వినేది, వెనక సంగతి దానికి పట్టేది కాదు. మూడోది పోలీసులు కంటికి కనిపించడానికి కిలోమీటరు ముందే పలికింది. అనవసరంగా ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఆ వారం తన జీవితంలో చాలా సంతోషంగా గడిచిందని మేస్త్రిగారు మాతో దాచకుండా చెప్పారు.

పెట్టడం ఇంకా కష్టమైన పని. ఆ కారు ముందు అద్దంలో పలచని లోహపు పొర ఉంది, దాని వెనక పెడితే యంత్రానికి సరిగా వినపడదు. అందుకని ముందు బంపరు లోపల, ప్లాస్టిక్ వెనక కూర్చోబెట్టారు. వైర్లను కంపెనీ వైర్లతో కలిపి, వాటికున్నట్టే నల్లటి గుడ్డ టేపు చుట్టి, లోపలికి లాగారు. మీటరు బోర్డు మూలన ఆవగింజంత దీపం పెట్టారు. వెలిగితే తప్ప అక్కడ దీపం ఉందని తెలియదు. డ్రైవరు మోకాలి దగ్గర చిన్న బజర్, దాని చప్పుడు పక్క సీటులోవాళ్ళకు కూడా వినపడదు. మొత్తం మూడు రోజుల పని.

మూడో రోజు హరిణి ఒక్కతే షాపుకు వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"ఆయన మీ మాట వింటారు. ఈ కారుకది కుదరదని చెప్పేయండి, చాలు. పోలీసుల భయం ఒక్కటే ఉందాయనకి. అది కూడా మీరు తీసేస్తున్నారు."

మేస్త్రిగారు స్క్రూ బిగిస్తూనే బదులిచ్చారు. "నేను కాకపోతే ఇంకొకరు చేస్తారమ్మా. నేనైతే శుభ్రంగా చేస్తాను."

ఆమె వెళ్ళిపోయింది. ఆయన పని పూర్తి చేశారు.

మూడు నెలలు అంతా కిరీటి అనుకున్నట్టే జరిగింది. దీపం వెలిగితే నెమ్మదించేవాడు, పోలీసుల ముందు నుంచి అరవైలో మర్యాదగా వెళ్ళేవాడు, దీపం ఆరగానే మళ్ళీ తొక్కేవాడు. షాపుకొచ్చి ఆ కబుర్లు చెబుతుంటే పనివాళ్ళంతా చుట్టూ చేరి వినేవాళ్ళు, మేస్త్రిగారితో సహా.

మిరప కోతల రోజులు. సాయంత్రం నాలుగు గంటలకు కిరీటి ఒంగోలు వైపు నుంచి వస్తున్నాడు. దీపం వెలిగింది, నెమ్మదించాడు. పోలీసుల బృందాన్ని దాటాడు. దీపం ఆరింది. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, డివైడరు తెగి ఉన్న చోట, మరియమ్మ అనే కూలి మనిషి చేలో ఉన్నవాళ్ళ కోసం మంచినీళ్ళ క్యాను పట్టుకుని రోడ్డు దాటుతోంది. కారు నూట అరవైలో ఉందని తర్వాత తేల్చారు. ఆమె అక్కడికక్కడే పోయింది. కారు రెండు పల్టీలు కొట్టి పొలంలో పడింది. కిరీటికి తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగాయి. ప్రాణం మాత్రం మిగిలింది.

మేస్త్రిగారు ఆసుపత్రికి వెళితే కిరీటి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. "దీపం వెలగలేదు మేస్త్రిగారూ. ఆరే ఉంది. ఒక్కసారి వెళ్ళి చూడండి, వైరు ఊడిందేమో, ఎక్కడైనా లూజుందేమో" అని అదే మాట అంటున్నాడు. హరిణి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. మేస్త్రిగారి వైపు ఒకసారి చూసి, మళ్ళీ బయటికి చూసింది.

ప్రమాదం జరిగిన మూడో రోజు పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చింది. నుజ్జయిన కారును తెచ్చి ఆవరణలో పడేశారు. బంపరు వెనక ఉన్న పెట్టె ఏమిటో వాళ్ళకు అర్థం కాక, కార్ల కరెంటు పని తెలిసినవాడని ఈయన్ని పిలిచారు. మేస్త్రిగారు వెళ్ళి ముందు ఏఎస్సై గారికి, పెట్టింది తానేనని చెప్పారు. తర్వాత కారు పక్కన కింద కూర్చుని విప్పారు. ఇనుము మడతలు పడిపోయింది గాని పెట్టెకు గీత కూడా పడలేదు. ఆయన చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. వేరే బ్యాటరీ తెప్పించి వైర్లు తగిలించారు. ఏఎస్సై గేటు దగ్గర నిలబడి స్పీడ్ గన్ ఇటు తిప్పాడు. మూలన దీపం వెలిగింది, బజర్ మెల్లగా పలికింది. ఇంకోసారి తిప్పమన్నారు. వెలిగింది. ఈసారి రోడ్డవతలికి వెళ్ళి తిప్పమన్నారు. అప్పుడూ వెలిగింది.

"నా చేతి పనిలో తప్పు దొరకాలని దేవుడికి మొక్కుకున్నది ఆ ఒక్కరోజే" అన్నారు మేస్త్రిగారు. "ఒక్క వైరు ఊడి ఉంటే నేను జైలుకైనా సంతోషంగా పోయేవాణ్ణి. ఏదీ ఊడలేదు. అది చెయ్యాల్సిన పని అది చేసింది."

ఆవరణలో గోడవారగా ఒక మనిషి అంతసేపూ గొంతుకూర్చుని చూస్తున్నాడు. మరియమ్మ భర్త, పేరు బాలస్వామి. ఏదో కాగితం మీద వేలిముద్ర వెయ్యడానికి పిలిస్తే వచ్చి, ఇంకా ఎవరూ లోపలికి రమ్మనకపోతే అక్కడే ఉండిపోయాడు. బజర్ చప్పుడు విని లేచి దగ్గరికొచ్చాడు.

"ఏందయ్యా అది?"

"ముందే చెప్పే యంత్రం" అన్నారు మేస్త్రిగారు. అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చిందిగాని, చెప్పలేకపోయారు.

"ఏం చెబుద్ది?"

"ఎదర పోలీసులున్నారని."

బాలస్వామి ఆ దీపం వైపు వంగి చూశాడు. అతని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియని పనిముట్టు గురించి తెలిసినవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"మనుషులుంటే చెప్పదా?"

ఏఎస్సై గన్ దించి లోపలికి వెళ్ళిపోయాడు. మేస్త్రిగారు వైర్లు విప్పడం మొదలుపెట్టారు. బాలస్వామి కాసేపు చూశాడు. ఈయన మాట్లాడకపోయేసరికి, ఈయనకూ సరిగా తెలియదేమో అనుకున్నట్టు, పోయి గోడవార మళ్ళీ కూర్చున్నాడు.

ఆ తర్వాత కిరీటి కేసు ఏళ్ళ తరబడి సాగింది. అతను కర్ర సాయంతో నడిచే స్థితికి వచ్చాడుగాని ఇల్లు కదిలేవాడు కాదు. మేస్త్రిగారు చూడటానికి వెళ్ళినప్పుడల్లా, వైరు ఊడలేదా, బాగా చూశారా అని అడుగుతూ ఉండేవాడట. ఒకరోజు హరిణి గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, ఇక మీరు రావద్దండీ అని చెప్పింది. మేస్త్రిగారు ఇంకో ఏడాది షాపు నడిపారు. ఏ కారులో ఏ వైరు కలిపినా, ఇదెవరి మీదికి పోతుందోనని చెయ్యి ఆగేది. చివరికి స్టీరియో పెట్టడానికి కూడా చెయ్యి ఆడలేదు. మరియమ్మ వాళ్ళ ఊరికి రెండుసార్లు బయల్దేరారు. రెండుసార్లూ సగం దారి నుంచి తిరిగొచ్చేశారు. మూడోసారి వెళ్ళేటప్పటికి బాలస్వామి పిల్లల్ని తీసుకుని ఎక్కడికో వలస పోయాడు. ఎక్కడికన్నది ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇంతవరకు చెప్పి మేస్త్రిగారు ఆగారు. అరుంధతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆమెకు ఓదార్పు దొరికిందని నేననుకోను. వచ్చినప్పటికన్నా ఆమె ముఖం ఇంకా నల్లబడింది. ఆ ముఖంతోనే అడిగారు.

"మనుషులుంటే చెప్పదా అన్నాడు గదా, అతనికి మీరు ఏదో ఒకటి చెప్పాల్సింది. అది యంత్రం, దానికేం తెలుసు బాబూ అనైనా అనకపోయారా?"

మేస్త్రిగారు ఆమె ముఖంలోకి చూశారు.

"అతను అడిగింది దాన్ని కాదమ్మా, పెట్టిన నన్ను."