పదకొండు సైకిళ్ళు, అరగని టైర్లు

పడుకోండి, ముందు పడుకోండి. ఒరే సత్తీ, ఆ దుప్పటి అంతా నీ వైపే లాక్కోకు, లచ్చక్క కాళ్ళు బయటికొస్తున్నాయి. కథ చెప్తేగానీ పడుకోం అంటారు, చెప్పడం మొదలెడితే గుర్రు పెడతారు. నేనేమో గోడకి చెప్పుకోవాలి. ఊ అనకపోతే అక్కడే ఆపేస్తాను, తర్వాత నన్ననకండి.

అనగా అనగా ఒక ఊరు. ఊరంటే ఎంత ఊరని, ఒకటే వీధి. అటు ఆరిళ్ళు, ఇటు అయిదిళ్ళు. ఇంటికో మగ్గం. గుంట మగ్గం మీరు చూళ్ళేదు కదా, నేలలో గుంట తవ్వుకుని అందులోకి కాళ్ళు దించుకుని కూచుని నేస్తారు. కాళ్ళ కింద రెండు చెక్కలుంటాయి. ఈ చెక్క తొక్కాలి, ఆగాలి, చేత్తో తాడు లాగాలి, నాడె దారం పట్టుకుని ఈ పక్కనుంచి ఆ పక్కకి ఉరకాలి. తర్వాత ఆ చెక్క తొక్కాలి, ఆగాలి, తాడు లాగాలి. పొద్దస్తమానం అదే పని. ఆడవాళ్ళేమో అరుగు మీద కూచుని రాట్నం తిప్పుతూ నాడెలో పెట్టే కండెలకి దారం చుడతారు. వీళ్ళు చుట్టకపోతే వాళ్ళు నెయ్యలేరు. అయినా పేరు మాత్రం మగాళ్ళదే, అది ఏ ఊళ్ళోనైనా అంతే.

ఆ ఊళ్ళో గవరయ్యని ఒకడున్నాడు. చెయ్యి మంచిది, నోరే కాస్త ముందుంటుంది. వాడి పెళ్ళాం పేరు అచ్చాయి. ఈ కథ అచ్చాయిదే అనుకోండి.

ఆ దేశానికో రాజుగారున్నారు. కత్తీ డాలూ పట్టుకునే రాజు కాదు, కోటూ కళ్ళజోడూ పెట్టుకునే రాజు. ఆయన కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ ఇంట్లో పెళ్ళంటే మధుపర్కాలు ఈ ఊరి మగ్గం మీదే నెయ్యాలని తాతల నాటి ఆనవాయితీ. అవి కట్టుకుంటేనే పెళ్ళికూతురు పీటల మీద కూచోవాలి. రాజుగారు పదకొండు మందినీ కోటకి పిలిపించి, గోధూళి లగ్నమనీ, మర్నాటి నుంచీ మూఢమనీ, మధుపర్కాలు లగ్నానికి అందకపోతే పదకొండు మగ్గం గుంటలూ మట్టి పోసి పూడ్పించేస్తాననీ చెప్పాడట. చెప్పి, ఓడ మీద దిగిన కొత్త సైకిళ్ళు మనిషికొకటి ఇప్పించాడట. కోట నుంచి ఊరికి పదిహేను కోసులు, అంటే ముప్పై మైళ్ళు. ఎడ్లబండి కట్టుకుని ఈడ్చుకుంటూ రావద్దు, వీటిమీద రివ్వున రండి అన్నాడట. తొక్కడం వచ్చు కదా అని కూడా అడిగాడు పాపం.

వచ్చు ప్రభూ అన్నది ఎవరనుకున్నారు? గవరయ్యే. వాడన్నాడని పక్కవాడన్నాడు, పక్కవాడన్నాడని ఆ పక్కవాడన్నాడు, అలా పదకొండు మందీ అన్నారు. ఒక్కడికీ రాదు. మిగతా పదిమందికీ వచ్చేమో, నాకొక్కడికే రాదేమోనని ఎవడికి వాడికి లోపల దిగులు.

ఊ కొట్టండర్రా.

సైకిళ్ళు నడిపించుకుంటూ ఊళ్ళోకి వచ్చారు, గంటలు ట్రింగు ట్రింగుమని కొట్టుకుంటూ. పొలిమేర దగ్గర మర్యాదకి దిగారు కాబోలనుకుని ఆడవాళ్ళు ఎదురెళ్ళి హారతులిచ్చారు. అచ్చాయి అయితే హ్యాండిలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, మల్లెచెండు చుట్టింది. ఆ రోజు దాని మురిపెం ఇంతా అంతా కాదు.

ఇంక చూడండి, సాయంత్రమయ్యేసరికి పదకొండు సైకిళ్ళూ వీధిలో బారుతీరేవి. కొబ్బరినూనె పెట్టి తుడవడమే తుడవడం. నా గంట చూడు, కోవెల గంటలా మోగుతుందనేవాడొకడు. గంటదేముందిరా, నా సీటు చూడు, కోడిపెట్టంత మెత్తన అనేవాడొకడు. సీటు కూచోడానికే గదా, నా చైను చూడు, మా ఆవిడ గొలుసుకంటే మెరుస్తుందనేవాడొకడు. అందరిలోకీ పెద్దవాడు కామయ్య బాబాయి తన సైకిలుకి దిష్టిపూస కట్టి, ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నీ మా దాని మీదే అనేవాడు. మీ తాతయ్య కొత్త రేడియో కొన్నప్పుడు ఇంతే, నెల్లాళ్ళు దానికి తువ్వాలు కప్పి ఊరందరికీ చూపించాడు గానీ పాట పెట్టలేదు.

పదిహేను రోజులయ్యాక ఒక పొద్దున్న అచ్చాయి వాకిలి ఊడుస్తూ సైకిలు చక్రం దగ్గర వంగింది. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి చూడండి, నాలుగు రోజులు తొక్కితే అరిగిపోతాయి. అవి అలాగే నిలబడున్నాయి. ఒక్కటీ అరగలేదు. చీపురు పట్టుకునే పక్కింటి సైకిలు చూసింది, అదీ అంతే. ఆ పక్కది, అదీ అంతే. వీధి చివరిదాకా ఊడుస్తున్నట్టే వెళ్ళి పదకొండూ చూసింది. అంటే ఈ పదకొండిట్లో ఒక్కదాన్నీ ఎవరూ తొక్కలేదన్నమాట.

అప్పట్నుంచీ దానికి ముద్ద మింగుడు పడితే ఒట్టు. మొగుణ్ణి కదిపి చూద్దామని, మావా, రంగుల వాళ్ళింటికెళ్ళి నూలు తెచ్చిపెట్టవా, సైకిలుంది కదా అంది. ఇవాళ గాలి తక్కువగా ఉందన్నాడు. మర్నాడడిగితే దారి బురదగా ఉందన్నాడు. ఆ మర్నాడడిగితే మంగళవారం కొత్త వాహనం ఎక్కకూడదన్నాడు. గాలి, బురద, మంగళవారం. బురద, మంగళవారం, గాలి. ఎన్నిసార్లడిగినా ఈ మూడే.

పోనీ ముందు రోజే ఎడ్లబండి కట్టుకుని బయల్దేరండి అంది. వీధి వీధంతా నవ్వింది. సైకిలున్నవాడు బండెక్కుతాడా, ఆడదాని తెలివి అన్నాడు కామయ్య బాబాయి. ఊళ్ళో ఉన్న ఒక్క బండినీ పక్కూరివాళ్ళకి వడ్లు తోలుకోడానికి అప్పటికే ఇచ్చేశారు. అయినా మధుపర్కాలు ముందు రోజుకి తయారైతే కదా. తడినూలుతో, మడిగట్టుకుని, ఒంటిపూట తిని నెయ్యాలి. పెళ్ళి ముందురోజు పొద్దుగూకేదాకా మగ్గం మీంచి దిగలేదు.

అచ్చాయి అత్తకి చెప్పలేకపోయింది. చెప్తే కొడుకు పరువు పోయిందని ఆవిడ గుండెలు బాదుకుంటుంది. మొగుణ్ణి మొహాన అడగలేకపోయింది. అడిగితే చిన్నబోతాడు. అడక్కపోతే గుంటలు పూడిపోతాయి. ఆ గుంట గవరయ్య తాత తవ్వుకున్నది. అది పూడితే వీళ్ళు ఏం చేసి బతుకుతారు? నేత తప్ప ఇంకో పని తెలిసినవాడు ఆ వీధిలో లేడు. కండె చుడుతుంటే దాని చేతుల్లో దారం పుటుక్కున తెగిపోయేది. ఎప్పుడూ తెగనివ్వని మనిషి, పూటకి పదిసార్లు ముళ్ళేసుకుంది.

పెళ్ళి రోజు తెల్లారింది. ఎవరికి మీగడ కావాలి? అయితే ఊ కొట్టండి.

మధుపర్కాల్ని పసుపుగుడ్డలో మూటగట్టి గవరయ్య నెత్తిన పెట్టారు. నేలకి తగలకూడదు మరి. పదకొండు మందీ తలపాగాలు చుట్టి, గంటలు కొట్టుకుంటూ, సైకిళ్ళు నడిపించుకుంటూ బయల్దేరారు. పొలిమేర దాటాక ఎక్కుతాం, ఊళ్ళో ఎక్కితే కోళ్ళు బెదురుతాయి అన్నారు. ఆడవాళ్ళు అవునవునన్నారు. అచ్చాయి ఒక్కతే ఎండకేసి చూసింది. నడిచి వెళ్తే అర్ధరాత్రికి చేరతారు. లగ్నం సాయంత్రం.

ఇంట్లోకి వెళ్ళింది, బయటికొచ్చింది. బయటికొచ్చింది, ఇంట్లోకి వెళ్ళింది. కాలుగాలిన పిల్లయిపోయింది. ఆఖరికి, చద్దిమూట మరిచిపోయాడత్తా, ఇచ్చొస్తానని పరిగెత్తింది.

పొలిమేర దాటి అరకోసు వెళ్ళేసరికి ఏముంది, చింతల నీడలో పదకొండు సైకిళ్ళూ నిలబెట్టున్నాయి, పదకొండు మందీ కూచునున్నారు. నువ్వు పెద్దవాడివి, నువ్వు ముందెక్కు బాబాయ్ అంటున్నారు కుర్రాళ్ళు. మీరు పడుచువాళ్ళు, మీరెక్కండర్రా అంటున్నాడు కామయ్య. నువ్వెక్కంటే నువ్వెక్కు. ఎండ చూస్తే నడినెత్తికొస్తోంది.

అచ్చాయికి నవ్వు రావాలి నిజానికి. రాలేదు. మొగుడి పక్కన చతికిలబడి, వాళ్ళెవరికీ వినపడకుండా అడిగింది.

“మావా, నీకు తొక్కడం రాదు కదూ?”

గవరయ్య నెత్తి మీద మూట రెండు చేతులతో సర్దుకున్నాడు. తర్వాత, “రాదే అచ్చాయీ,” అన్నాడు. వాడి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. వాడలా అనడం కామయ్య విననే విన్నాడు. విని, నాకూ రాదురా అబ్బాయ్ అన్నాడు. నాకూ రాదు, నాకూ రాదు, నాకూ రాదు, అలా పదకొండు రాదులయ్యాయి. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇన్నాళ్ళ బట్టీ బిగబట్టుకున్న ఊపిరి మరి.

సరే, రాకపోతే ఇప్పుడే నేర్చుకుందాం, ఎక్కు మావా అంది. అటు నలుగురు ఇటు నలుగురు పట్టుకున్నారు. మూట అచ్చాయి ఒళ్ళో పెట్టుకుంది. గవరయ్య ఎక్కాడు. కుడికాలు తొక్కాడు, ఆగాడు, కుడిచెయ్యి హ్యాండిలు వదిలి గాల్లో ఏదో లాగింది, ధబ్బున పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు. కాలు తొక్కాడు, ఆగాడు, చెయ్యి లాగింది, పడ్డాడు. మూడోసారీ అంతే. మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయాయి. అచ్చాయికి మాత్రం అప్పుడు తెలిసింది వీడేం చేస్తున్నాడో. మగ్గం నేస్తున్నాడు. లేని తాడు లాగుతున్నాడు, రాని నాడె కోసం ఆగుతున్నాడు.

ఇది మగ్గం కాదు మావా, రాట్నం అనుకో అంది. రాట్నం మధ్యలో ఆపం కదా, ఆపితే దారం తెగుతుంది. నేను వెనకాల కూచుని రాట్నం పాట పాడతాను, నువ్వు కాళ్ళాపకు అంది. ఆవిడ కూచుంటే ఇంకా బరువు కదా అంటావేమిటే లచ్చీ, అవును బరువే. అయినా పాట ఆగితే వాడి కాలు ఆగుతోంది, ఏం చేస్తుంది? మూట నెత్తిన పెట్టుకుని క్యారేజీ మీదెక్కి మొదలెట్టింది.

తిరిగితే దారం, ఆగితే భారం,
తిప్పితే కండె, ఆపితే బండ,
తిరిగితే దారం, ఆగితే భారం.

సైకిలు కదిలింది. వంకర టింకరగా అటో ఇటో పోయింది గానీ పడలేదు. పదిమందీ కాసేపు వెనకాల పరిగెత్తి ఆగిపోయారు. ఇంక వీళ్ళిద్దరే. కోసు దాటారు, తిరిగితే దారం. వాగు దాటారు, ఆగితే భారం. ఎండ పడమటికి వాలింది, తిప్పితే కండె. దాని గొంతు బొంగురుపోయింది, ఆపితే బండ. దాహమేసినా దిగడానికి లేదు, దిగితే మళ్ళీ ఎక్కించేవాళ్ళెవరు? ఆవుల మందలు ఇళ్ళకి తిరిగొస్తూ ఎదురయ్యాయి. గోధూళి అంటే అదే కదా. ఆ దుమ్ము చూసి అచ్చాయి మొహం పాలిపోయింది. అయినా పాడింది.

కోట ముందర పందిరి కనిపించింది. పెళ్ళికూతురు పసుపుబట్టలతో లోపల ఎదురు చూస్తోంది, పురోహితుడు గడియారం చూస్తున్నాడు. అయితే తొక్కడం నేర్చుకున్నాడు గానీ ఆపడం ఎవరు నేర్పారు వాడికి? పందిరి చుట్టూ ఒకసారి తిరిగారు. రెండుసార్లు తిరిగారు. ప్రదక్షిణ చేస్తున్నారు కాబోలని బాజాలవాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. మూడోసారికి ఏనుగు కోసం వేసిన గడ్డిమేటులోకి వెళ్ళి పడ్డారు. అచ్చాయి పడింది గానీ మూట పడలేదు. రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది. రాణిగారి చెల్లెలు పరిగెత్తుకొచ్చి అందుకుంది. లగ్నానికి తాళి పడింది.

అక్షింతలయ్యాక రాజుగారు గడ్డిమేటు దగ్గరికొచ్చి, మిగతా పదిమందేరి అనడిగాడు. వస్తున్నారు ప్రభూ, వెనకే ఉన్నారు అంటాడేమోనని అచ్చాయి మొగుడికేసి చూసింది. అనొచ్చు కూడా, ఎవరు కాదంటారు? గవరయ్య జుట్టులో గడ్డిపోచలు తీసుకుని చేతులు కట్టుకున్నాడు. వాళ్ళకి తొక్కడం రాదు ప్రభూ, నాకూ పొద్దుటిదాకా రాదు, మీ ముందర అబద్ధమాడాం, గుంటలు పూడ్పిస్తే మీ ఇష్టం అన్నాడు.

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళని అవతలికి పొమ్మని, గవరయ్య చెవి దగ్గరికి వంగాడు. ఆ సైకిళ్ళు తన కోసమూ తమ్ముళ్ళ కోసమూ తెప్పించుకున్నవేననీ, ఎక్కిన మొదటి రోజే కింద పడ్డాననీ, మళ్ళీ వాటి మొహం చూడలేకే మీకు పంచేశాననీ చెప్పాడట. ఇంతమంది ఉన్న కోటలో ఒక్కరికీ ఈ మాట చెప్పలేకపోయాను, నువ్వు నలుగురిలో ఎలా ఒప్పుకున్నావోయ్ అన్నాడట.

గవరయ్య పెళ్ళాం వైపు చూపించాడు.

“నవ్వకుండా అడిగింది ప్రభూ,” అన్నాడు.

అంతే. గుంటలూ పూడలేదు, ఏమీ పూడలేదు. మిగతా పదిమందీ అర్ధరాత్రికి సైకిళ్ళు నడిపించుకుంటూ చేరి, చల్లారిపోయిన పులిహోర కడుపునిండా తిన్నారు. మర్నాటి నుంచీ వారం రోజులు అచ్చాయి కోట పెరట్లో నిలబడి పాడుతుంటే పదిమంది నేతగాళ్ళూ, ఒక రాజూ వరసగా పడడం, లేవడం. ఎనిమిదో రోజు అచ్చాయి తనే ఎక్కి తొక్కుకుంటూ ఊరెళ్ళిపోయింది. క్యారేజీ మీద గవరయ్య.

అందుకని ఏం తెలుసుకోవాలర్రా? రానిదాన్ని రాదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. ఎదుటివాడు రాదంటే మాత్రం నవ్వకూడదు. రెండోదే కష్టం, నాకే ఇప్పటికీ సరిగ్గా చేతకాదు.

కథ కంచి దారి పట్టింది, మనం మాత్రం మన పక్కల మీదే ఉన్నాం. సత్తీ? లచ్చీ? అయ్యో, ఇద్దరూ ఎప్పుడో నిద్రపోయారు. సరే, రేపు ఇద్దరికీ మీగడ వేస్తాలే.