బొంతయ్య పంచిన తేనె

కొండగోగు అడవిలో ఒక చిన్న ఏరు ఉండేది. ఆ ఏటి ఒడ్డున ఎలుగుబంటి బొంతయ్య, దుప్పి చుక్కమ్మ, అడవిపంది ముట్టెన్న, ముళ్లపంది సూదమ్మ, కొండముచ్చు లంకెన్న ఇరుగుపొరుగుగా ఉండేవారు. ఏటా ఎండాకాలం రాగానే ఏరు ఎండిపోయేది. అప్పుడు ఏనుగుల గుంపు వచ్చి ఇసుకలో పెద్ద చెలమ తవ్వేది. వానలు పడేదాకా ఆ గుంతలో ఊరే నీళ్లే అందరికీ ఆధారం.

ఆ ఏడు ఏనుగులు రాలేదు. అక్కడక్కడా మిగిలిన మడుగులు బురదగా మారిపోయాయి. ఇక చెలమ తామే తవ్వుకోవాలి, లేదంటే కొండ అవతలి చెరువుకు వలస పోవాలి. అందరికంటే చుక్కమ్మకే ఎక్కువ దిగులు. ఆమె కూన పుట్టి ఎంతో కాలం కాలేదు. ఆ సన్నటి కాళ్లతో అది కొండ ఎక్కలేదు.

"నేనుండగా మీకెందుకు భయం? నేను తవ్విస్తాను," అన్నాడు బొంతయ్య. అతని ఒళ్లూ పెద్దదే, గొంతూ పెద్దదే. అందరూ సరేనన్నారు.

బొంతయ్య చెడ్డవాడేం కాదు. పనివాళ్లను సంతోషపెట్టాలని అతనికి మహా తాపత్రయం. అయితే సంతోషమంటే అతనికి తెలిసింది ఒక్కటే, తేనె. అందుకని తెల్లవారుజామునే చెట్లెక్కి, ముక్కు వాచేలా తేనెటీగలతో కుట్టించుకుని, పట్టులు తెచ్చి అందరికీ పంచాడు. పనికి ముందు కొంత, పని అయ్యాక కొంత. అంత ప్రేమగా పెడుతుంటే కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇక చూడాలి అక్కడి సంబరం. ముట్టెన్న ముట్టెకు తేనె అంటుకుంది, తేనెకు ఇసుక అంటుకుంది. పాపం అతను తవ్వడం మాని తుమ్మడం మొదలుపెట్టాడు. సూదమ్మ ముళ్ల మధ్యకు తేనె కారి, చీమలు బారులు తీరాయి. చుక్కమ్మ అసలు తేనె ముట్టదు. మర్యాద కోసం కాసేపు వాసన చూసి పక్కన పెట్టేది.

పని చేయించే తీరూ అలాగే ఉండేది. సూదమ్మకు పగలు నిద్రపోయే అలవాటు. అయినా అందరితోపాటే రావాలని బొంతయ్య ఆమెను ఎండలో నిలబెట్టాడు. ఆమె తవ్వుతూ తవ్వుతూనే కునికేది. లంకెన్న చెట్టు మీద కూర్చుని, చిరుతపులి వస్తోందేమోనని కాపలా కాసేవాడు. ఊరికే కూర్చున్నాడని బొంతయ్య అతన్ని కిందికి దింపి ఇసుక మోయించాడు. సాయంత్రం దారిన పోయే నెమళ్లు గుంతను మెచ్చుకుంటే, తవ్విస్తున్నది ఎవరనుకున్నారు అంటూ బొంతయ్య లేని మీసం మెలేసేవాడు. పొద్దుటి నుంచి తవ్విన ముట్టెన్న ఆ మాట విని, తల దించుకుని ఇంటికి పోయేవాడు.

ఒకరోజు చిరుత నేరుగా గుంత దగ్గరికే వచ్చింది. చెట్టు మీద కాపలా లేదు, ముందుగా కేక వేసేవాళ్లు లేరు. అందరూ తలో దిక్కుకు పరుగెత్తి, ఎలాగో ప్రాణాలు దక్కించుకున్నారు. మర్నాడు పనికి ఒక్కరూ రాలేదు.

బొంతయ్యకు కారణం అర్థం కాలేదు. తేనె చాలలేదేమో అనుకుని రెట్టింపు తెచ్చి గుంత అంచున పెట్టాడు. అయినా ఎవరూ రాలేదు. కోపం పట్టలేక తానే గుంతలోకి దూకాడు. ఆ బరువుకు అంచులు విరిగి ఇసుక జారింది. బొంతయ్య మెడ దాకా కూరుకుపోయాడు. పైన పెట్టిన తేనె మెల్లగా అతని నెత్తి మీదికి కారింది. వెనకే చీమలు వచ్చాయి.

అరుపులు విని అందరూ పరుగున వచ్చి అతన్ని పైకి లాగారు. పూడిపోయిన గుంతను చూసి చుక్కమ్మకు ఏడుపొచ్చింది. పక్కనే ఆమె కూన ఎండిన బురదను నాకుతోంది.

"ఇంత తేనె పెట్టాను. మీకింకేం కావాలి?" అన్నాడు బొంతయ్య, చీమలు దులుపుకుంటూ.

"ఆ మాట మొదటి రోజే అడిగి ఉంటే చెప్పేవాళ్లం కదన్నా," అంది చుక్కమ్మ.

బొంతయ్య లేచి దూరంగా పోయి కూర్చున్నాడు. ఇక నువ్వే ముందుండి నడిపించమని అందరూ చుక్కమ్మను అడిగారు.

చుక్కమ్మ దగ్గర పంచడానికి ఏమీ లేదు. అందుకే ఒక్కొక్కరి పక్కన కూర్చుని, వాళ్ల ఇబ్బంది ఏమిటో కనుక్కుంది. సూదమ్మ చీకటి పడ్డాక వస్తానంది. అలాగే రమ్మంది చుక్కమ్మ. లంకెన్నను మళ్లీ చెట్టెక్కించి, అతను పైన ఉంటేనే తాము కింద నిశ్చింతగా పని చేయగలమని అందరి ముందూ చెప్పింది. ఆ రోజంతా లంకెన్న కన్ను ఆర్పితే ఒట్టు. ముట్టెన్న మాత్రం తనకేమీ వద్దన్నాడు. తర్వాత ముట్టెతో ఇసుక కెలుకుతూ మెల్లగా గొణిగాడు.

"నేను తవ్వింది నేను తవ్వానని అంటే చాలక్కా."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం చుక్కమ్మ కూనను గుంత దగ్గరికి తీసుకొచ్చేది. ఈ వైపంతా ముట్టెన్న మామ తవ్వాడని, ఆ మూలంతా సూదమ్మత్త తవ్విందని చూపించేది. కూన బుద్ధిగా తల ఊపేది. ముట్టెన్న మర్నాడు పొద్దు పొడవక ముందే పనిలోకి దిగేవాడు.

చివరికి, దూరంగా సిగ్గుపడుతూ కూర్చున్న బొంతయ్యనూ ఆమె అడిగింది. అతనికేం పని ఇష్టమో అంతవరకు ఎవరూ అడగలేదు. చాలాసేపు ఆలోచించి, పుట్టలు తవ్వడం ఇష్టమన్నాడు. సరిగ్గా అప్పుడే ఇసుక కింద గట్టి మట్టి తగిలి, ముట్టెన్న ఆగిపోయి ఉన్నాడు. బొంతయ్య కూనిరాగం తీస్తూ, గోళ్లతో ఆ మట్టిని పెళ్లలు పెళ్లలుగా లేపేశాడు. పనిలో పనిగా తేనెకు పట్టిన చీమలన్నింటినీ జుర్రున పీల్చేశాడు కూడా.

ఒక మధ్యాహ్నం గుంత అడుగున తడి మెరిసింది. చూస్తుండగానే చల్లటి నీళ్లు ఊరాయి. అందరూ గంతులు వేశారు. ముందుండి నడిపించినవారు మొదట తాగడం ఆ అడవి ఆచారం. అందుకని చుక్కమ్మకు దారి ఇచ్చారు. ఆమె చుట్టూ చూసి ఆగిపోయింది. సూదమ్మ కనిపించలేదు. ఆమె నిద్రపోతోందని, లేచాక తాగుతుందని లంకెన్న అన్నాడు.

"రాత్రంతా తవ్వింది ఆమె. ఆమె రాకుండా ఎలా తాగుతాం?" అంది చుక్కమ్మ.

పిలుచుకురావడానికి బొంతయ్య లేచాడు. బొరియ ముందు వంగి, అంత పెద్ద గొంతునూ చిన్నది చేసుకుని పిలిచాడు.

"సూదమ్మా, నీళ్లు పడ్డాయి. నువ్వు తవ్విన మూలలోనే పడ్డాయి. నీ కోసం అందరూ ఆగారు."

సూదమ్మ నిద్రకళ్లతోనే ముళ్లు గలగలలాడిస్తూ పరుగెత్తుకొచ్చింది. అప్పుడు అందరూ కలిసి తలలు వంచారు. కూన మూతి మొత్తం నీళ్లలో ముంచి, కడుపు నిండా తాగి, పెద్దగా తుమ్మింది. అందరూ పకపకా నవ్వారు. ఆ ఏడు కొండగోగు అడవి నుంచి ఎవరూ వలస పోలేదు.

నీతి: పని చేసేవారికి మనకు నచ్చింది పంచితే చాలదు. వారికి ఏం కావాలో అడిగి తెలుసుకుని, వారి కష్టాన్ని వారి పేరుతోనే నలుగురిలో చెప్పినప్పుడే వారు మనసు పెట్టి పని చేస్తారు.