రేగులపాడును తిరిగి కట్టిన ఖైదీ

అనగా అనగా, మన తాతల తాతలు ఊయలలో బోర్లాపడటం నేర్చుకుంటున్న రోజుల్లో, మేడిసీమ అనే రాజ్యం ఉండేది. దాన్ని కామాంబ అనే మహారాణి ఏలేది. ఆమె మాట మెత్తన, తీర్పు గట్టిది.

మేడిసీమకూ పక్క రాజ్యానికీ ఒకసారి యుద్ధం వచ్చింది. మేడిసీమ గెలిచింది. గెలిచిన సైన్యంలో గుండయ అనే దళపతి ఉండేవాడు. ఏటి ఒడ్డున రేగులపాడు అనే శత్రువుల పల్లె అతడి దారిలో పడింది. ఆ పల్లెవాళ్లు కత్తి పట్టి ఎరగరు. చేతులు జోడించి శరణన్నారు. గెలుపు మత్తులో ఉన్న గుండయ వినలేదు.

"తగలబెట్టండి!" అన్నాడు.

ఇళ్లు కాలాయి. ధాన్యపు గాదెలు కాలాయి. తప్పించుకోలేక కొందరు ఆ మంటల్లోనే పోయారు.

సంధి కుదిరి రేగులపాడు మేడిసీమలో కలిశాక, ఈ సంగతి మహారాణి చెవిన పడింది. "శరణన్నవాళ్లను చంపినవాడు మనవాడైనా నేరస్థుడే" అని ఆమె గుండయకు సంకెళ్లు వేయించింది. బతికినంత కాలం చెరసాలే అతడి ఇల్లని తీర్పు చెప్పింది.

కొంతకాలానికి మహారాణికి మనుమరాలు పుట్టింది. రాజకుటుంబంలో శుభకార్యం జరిగితే ఖైదీలకు క్షమాభిక్ష పెట్టడం ఆ దేశపు ఆచారం. పాపను ఊయలలో వేసే రోజున సేనాని రుద్రన సభలో లేచాడు.

"మహారాణీ, గుండయ వీరుడు. ఆ పల్లెవాళ్లే ముందు రాళ్లు రువ్వారు. అతడు ప్రాణం కాపాడుకోవడానికి చేశాడు. విడిచిపెట్టండి."

మహారాణి గుండయను పిలిపించి అడిగింది: "సేనాని చెప్పింది నిజమేనా?"

గుండయ తల వంచుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

"నోరు విప్పనివాడికి నేనేమి ఇవ్వగలను?" అని మహారాణి అతణ్ణి వెనక్కి పంపింది.

పాపకు అన్నప్రాశన రోజు వచ్చింది. ఈసారి గుండయ తల్లి ప్రోలమ్మ వచ్చింది. నడుము వంగిన ముసలిది. క్షమాభిక్ష వేళ కాబట్టి ఖైదీలందరినీ సభ వాకిట నిలబెట్టి ఉంచారు. వాళ్లలో ఉన్న కొడుకు ఆమెకు కనబడనైనా లేదు.

"తల్లీ, నా కొడుకు చీమకైనా హాని తలపెట్టడు. గిట్టనివాళ్లెవరో అబద్ధం చెప్పారు. నేను పోయేలోగా వాణ్ణి ఇంటికి పంపించు" అని కొంగు పట్టి ఏడ్చింది.

సభంతా కళ్లు తుడుచుకుంది. మహారాణి కళ్లూ చెమర్చాయి. అంతలో వాకిట సంకెళ్లు గలగలమన్నాయి.

"అమ్మా, ఆపు!" అని అరిచాడు గుండయ. "ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ రాళ్లు రువ్వలేదు. వాళ్లు నాకు దండం పెట్టారమ్మా. చూశాను. చూసి కూడా తగలబెట్టమన్నాను."

ప్రోలమ్మ కొంగు వదిలి వాకిట్లోకి వెళ్లింది. కొడుకు సంకెళ్లు పట్టుకుంది.

"ఎందుకు చేశావురా?"

"ఆ పూట నన్ను ఆపేవాడు లేడని చేశాను."

తరువాత అతడు మహారాణి వైపు తిరిగాడు. "విడుదల అడగను. ఆ ఊరివాళ్లు ఒప్పుకుంటే, ఈ సంకెళ్లతోనే వెళ్లి వాళ్ల ఇళ్లు కట్టిపెడతాను."

మహారాణి అబద్ధమాడిన సేనానిని కొలువు నుంచి తప్పించింది. రేగులపాడుకు మనిషిని పంపింది. ఊరివాళ్లు వాదులాడుకుని, చివరకు సరేనన్నారు.

"వీడికి గంజి ఎవరు కాస్తారు? నేనూ వస్తా" అని ప్రోలమ్మ మూట కట్టుకుంది.

రేగులపాడులో మొదట పిల్లలు మట్టిగడ్డలు విసిరారు. పెద్దలు పలకరించలేదు. గుండయ మట్టి తొక్కాడు, గోడలు లేపాడు, తాటాకు కప్పాడు. వెంట భటులు కాపలా ఉండేవారు. ఎండలో సంకెళ్లు వేడెక్కి చీలమండలు పుండ్లుపడ్డాయి. అయినా పని ఆపలేదు.

ఆ ఊళ్లో మైలమ్మ అనే ఆమె ఉండేది. ఆ మంటల్లో ఆమె మొగుడు పోయాడు. ఒకనాడు ప్రోలమ్మ నీళ్లబిందె ఎత్తలేక అవస్థ పడుతుంటే, మైలమ్మ మాట్లాడకుండా వచ్చి ఓ చెయ్యి వేసింది. మరునాడు ముంతెడు మజ్జిగ తెచ్చింది.

"ఇది నీకే. వాడికి కాదు."

"అలాగే తల్లీ" అని ప్రోలమ్మ చుక్క మిగల్చకుండా తానే తాగింది. మైలమ్మకు నవ్వొచ్చింది. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు.

కొన్ని నెలలు గడిచాక మైలమ్మ తానే గుండయ దగ్గరకు వెళ్లింది.

"మా ఆయన చివరికి ఏమన్నాడో విన్నావా?"

గుండయ చేతిలోని మట్టిముద్ద కింద పెట్టాడు. ఏమీ వినలేదని తప్పించుకోవచ్చు. కానీ అన్నాడు: "విన్నానమ్మా. నీ పేరు పిలిచాడు."

మైలమ్మ పొద్దుగూకే దాకా ఏడ్చింది. లేచేటప్పుడు, "నాకు నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే" అంది.

మనుమరాలికి అక్షరాభ్యాసం చేసే రోజు వచ్చింది. సభలో ఈసారి మైలమ్మ నిలబడింది.

"తల్లీ, గుండయ సంకెళ్లు తీయించండి."

మహారాణి ఆశ్చర్యపోయింది. "అతణ్ణి క్షమించావా మైలమ్మా?"

"క్షమించానని చెప్పలేనమ్మా. కొన్ని పొద్దుల్లో కడుపు ఇంకా మండుతుంది. కానీ ఆనాడు మా ఊరి మీదకు వచ్చిన మనిషి వీడు కాడు. ఆ ముసలమ్మ కళ్లు మూయకముందే కొడుకుతో ఇంటికి వెళ్లాలి. అది నాకు చూడాలని ఉంది."

మహారాణి సింహాసనం దిగి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "అందరూ నన్నే అడిగారు. నష్టపోయిన నీ మాట కోసమే నేను ఇన్నాళ్లూ ఆగాను" అంది. సంకెళ్లు తీయించింది.

ఆఖరి ఇల్లూ పూర్తయి, తల్లీకొడుకులు రేగులపాడు నుంచి బయలుదేరిన నాడు ఊరివాళ్లు పొలిమేర దాకా వచ్చారు. కుమ్మరి కొమ్మన మాత్రం రాలేదు. ఆ మంటల్లో కూతుర్ని పోగొట్టుకున్నవాడు. తన గుమ్మంలో నిలబడి ముఖం తిప్పుకున్నాడు. గుండయ ఆగి, అటు తిరిగి ఉన్న ఆ వీపుకే వంగి దండం పెట్టాడు.

"ఆయన నిన్ను క్షమించలేదురా" అంది ప్రోలమ్మ, నడుస్తూ నడుస్తూ.

"క్షమించనక్కర లేదమ్మా. నేను మరిచిపోకుండా ఉంటే చాలు" అన్నాడు గుండయ. తల్లి చెయ్యి పట్టుకుని ఏరు దాటించాడు.

కాబట్టి పిల్లలూ, తప్పు చేసినవాడికి దయ దొరికేది అబద్ధం వల్ల కాదు, కన్నీళ్ల వల్లా కాదు. నిజం ఒప్పుకుని, తాను నొప్పించినవారి ముందు తలవంచి, చెరిపినదాన్ని తన చేతులతో బాగుచేసినప్పుడే.