పంతొమ్మిదో ప్యాకేజీ

ఉదయం ఏడూ ఇరవైకి కేశవాచారి గారు పెరట్లో ఉతికిన బట్టలు ఆరేస్తున్నారు. ఆయన శిష్యురాలు హైమ గేటు తీసుకుని వచ్చి, మెట్టు మీద కూలబడింది.

"జాబితా వచ్చింది మాస్టారూ. మన లినక్స్ కొత్త విడుదల నుంచి పంతొమ్మిది పాత నెట్‌వర్క్ ప్యాకేజీలు తీసేస్తారట. పద్దెనిమిదింటికి చూసుకునేవాళ్లు సరేనన్నారు. మిగిలింది డయల్‌సేతు."

ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే ఆ ప్రోగ్రామును రాసింది ఆయనే. ఏడేళ్ల కిందట ఆమె చేతిలో పెట్టారు.

"నీకేమనిపిస్తోంది?"

"అందులో భద్రతా లోపం బయటపడింది. మూడు వారాలుగా నిద్ర లేదు. ఒకచోట పూడిస్తే ఇంకోచోట తెరుచుకుంటోంది. ఉంచుతానో లేదో సాయంత్రం ఆరులోగా చెప్పాలి. మన్యంలో వాన కొలిచే డేవిడ్ గారు లెక్కలు పంపేది దీని మీదే, తీసేస్తే అవి ఆగిపోతాయి. పైగా అది మీరు రాసింది."

"అయితే ఉంచు. పరీక్షించావా?"

"కోడ్ ఎక్కడా తప్పు చూపకుండా బిల్డ్ అయింది."

"నేనడిగింది అది కాదమ్మాయ్."

ఆయన లోపలికెళ్లి పాత మోడెమ్ తెచ్చారు. దుమ్ము ఊది ఆమె చేతిలో పెట్టారు.

"ఫోను తీగకి తగిలించి చూడు."

హైమ హాల్లోకి వెళ్లింది. ఒకప్పుడు ఫోను ఉన్న గోడకి నాలుగు మేకు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. తిరిగొచ్చింది.

"తీగేది మాస్టారూ?"

ఆయన నోట్లో క్లిప్పు ఉంది. గడ్డంతో చూపించారు. రెండు తువ్వాళ్లు, మూడు బనియన్లు ఆరుతున్నది ఆ నల్ల తీగ మీదే.

"ఎప్పుడు పీకేశారు?"

"నీ చేతిలో పెట్టిన ఏడాదే. ఊళ్లో టెలిఫోను ఎక్స్ఛేంజి మూసేశారు."

"నాకు చెప్పలేదే!"

"నువ్వు అడగలేదు."

"మరి డేవిడ్ గారు? ఏటా కొత్త వెర్షన్ పెట్టుకున్నామని ఉత్తరం రాస్తారు."

"ఆయన్ని మాత్రం అడిగావా?"

బకెట్లో దుప్పటి ఒకటి మిగిలింది. ఆయన ఒక అంచు పట్టుకుని, రెండో అంచు ఆమె వైపు చాపారు.

"పట్టుకో. ఒక్కణ్ణే పిండలేను."

చేతిలో మోడెమ్ ఉంది. హైమ ఒక్క క్షణం దాన్ని చూసింది. పిట్టగోడ మీద పెట్టి, రెండు చేతులతో దుప్పటి పట్టుకుంది. నీళ్లు ఇద్దరి కాళ్ల మీదా పడ్డాయి.

పాత విడుదలలో డయల్‌సేతు ఇంకో ఏడాది ఉంటుంది. ఈలోగా వేరే దారి తానే కుదిర్చిపెడతానని డేవిడ్ గారికి ఉత్తరం రాసి పోస్టు చేసింది. సాయంత్రం ఐదూ నలభైకి జాబితాలో తన పేరు ఎదుట 'తీసేయండి' అని రాసింది. ఏడింటికల్లా అన్నం తిని పడుకుంది. తెల్లారి పాలవాడు రెండుసార్లు పిలిస్తే గాని లేవలేదు.

పదకొండో రోజున జవాబు వచ్చింది.

"అమ్మా, మా గుట్ట మీదికి సెల్ టవర్ వచ్చి నాలుగేళ్లయింది. వాన లెక్కలు దాని మీదే పోతున్నాయి. మీరు అంత శ్రమపడి పంపుతుంటే పెట్టుకోకపోతే బాగుండదని ఏటా పెట్టుకుంటున్నాం."