ఖాళీ బండ చెప్పని మాట

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది పిల్లలూ. దాని పేరు పిచ్చివాగు. ఎందుకు పిచ్చిదంటే, ఇక్కడ ఆకాశంలో మచ్చుకు ఒక్క మబ్బు లేకపోయినా, ఎక్కడో పైకొండల్లో వాన కురిస్తే చాలు, ఉన్నట్టుండి ఎర్రనీళ్లతో విరుచుకుపడేది. చీలమండలు తడవని వాగు రెప్పపాటులో ఏనుగును కూడా ఈడ్చుకుపోయేది.

ఆ వాగు ఒడ్డున చుక్కల దుప్పుల మంద ఒకటి ఉండేది. మందకు పెద్ద చెంగమ్మ. ఎండాకాలం చివరికి ఈ ఒడ్డున గడ్డి మాడిపోయేది. అవతలి ఒడ్డున మాత్రం పచ్చగా ఉండేది. అందుకని మంద రోజూ పొద్దున్నే వాగు దాటి వెళ్లి, మేసి, సాయంత్రానికి తిరిగి వచ్చేది.

మరి వరద వస్తే ఎలా? దానికి ఒక ఏర్పాటు ఉంది. గుట్ట మీద కోటయ్య అని ఒక ముసలి కొండముచ్చు ఉండేవాడు. తెల్లవారగానే శిఖరం మీది బండెక్కి పైకొండల వైపు చూసేవాడు. వరద జాడ కనిపిస్తే గబగబా దిగివచ్చి, రేవులో ఉన్న బల్లపరుపు బండ మీద ఒక తుమ్మకొమ్మ పెట్టి వెళ్లేవాడు. కొమ్మ ఉంటే దాటకూడదు. కొమ్మ లేకపోతే దాటవచ్చు. ఏళ్ల తరబడి ఇలాగే సాగింది. ఒక్క దుప్పి ప్రాణం కూడా పోలేదు.

చెంగమ్మ మంచిదే, తెలివైనదే. కానీ దానికో ఊతపదం ఉండేది. "చెప్పలేదంటే లేనట్టే!" ఏది అడిగినా అదే.

ఆ రేవులోనే వీరాస్వామి అని ఒక ఉడుము ఉండేవాడు. అడుగు తీసి అడుగు వేసే ముందు నాలుక చాపి నేలను పరీక్షించే రకం. ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట "తెలీదు." అందుకని దుప్పులన్నీ ఆయనను "తెలీదు మామ" అని ఆటపట్టించేవి. పాపం, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు మందలో ఎవరో అడిగారు. "ఇప్పపూలు రాలాయంటావా, చెంగమ్మక్కా?"

"రాలాయని ఎవరైనా చెప్పారా? చెప్పలేదంటే లేనట్టే!" అంది చెంగమ్మ.

పూలు రాలాయి. ఎలుగుబంట్లు సుబ్బరంగా మేసి పోయాయి. దుప్పులు నోరూరించుకుని ఊరుకున్నాయి.

ఇంకోరోజు ఉప్పుచవుటకు వెళ్లాలి. "అక్కడ చిరుత ఉందేమో?" అని భయపడ్డాయి.

"ఉందని ఎవరైనా చెప్పారా? చెప్పలేదంటే లేనట్టే!"

వెళ్లాయి. చిరుత లేదు. కడుపునిండా ఉప్పుమన్ను నాకి వచ్చాయి. ఇక చెంగమ్మను పట్టడం ఎవరి తరం? "చూశారా నా లెక్క!" అని తోక ఎగరేసింది.

మూడోసారి వచ్చింది అసలు సంగతి.

ఆ పొద్దున మంద రేవుకు చేరింది. బండ మీద తుమ్మకొమ్మ లేదు. ఆకాశం అద్దంలా ఉంది. చెంగమ్మ పక్కన దాని పది రోజుల కూన ఉంది. వాగు దాటడం దానికి అదే మొదలు.

"కొమ్మ లేదు. పదండి!" అంది చెంగమ్మ.

"ఒక్కమాట, చెంగమ్మా," అన్నాడు వీరాస్వామి బండ పక్కనుంచి తల ఎత్తి. "కోటయ్య వచ్చాడా?"

"కొమ్మ లేదు కదా మామా!"

"కొమ్మ లేదు, నేనూ చూస్తున్నాను. కోటయ్య కొండల వైపు చూసి, భయం లేదు గనుక పెట్టలేదా? లేక ఇవాళ అసలు చూడనే లేదా?"

"రెండూ ఒకటేగా!"

"రెంటికీ బండ ఒకలాగే కనపడుతుంది, అమ్మా. అంతమాత్రాన రెండూ ఒకటి కావు."

మంద గొల్లున నవ్వింది. సింగన్న అనే పడుచు పోతు ముందుకొచ్చి, "తెలీదు మామ మొదలెట్టాడు! ఈయన మాట వింటే మనం గడ్డి తినం, గాలి తింటాం" అన్నాడు.

వీరాస్వామి పట్టు వదల్లేదు. ఉడుంపట్టు అంటే ఏమనుకున్నారు మరి! "చెంగమ్మా, ఇప్పపూల దగ్గర నీ లెక్క తప్పింది. పోయింది ఒక పూట రుచి. ఉప్పుచవుట దగ్గర తప్పలేదు, నీ అదృష్టం. ఇక్కడ తప్పితే ఏం పోతుందో ఒకసారి పక్కకు చూసుకో."

చెంగమ్మ పక్కకు చూసింది. కూన తల్లి కాలికి ఆనుకుని నీళ్లను వాసన చూస్తోంది. చెంగమ్మ దాన్ని మూతితో వెనక్కి నెట్టింది.

"ఇవాళ కోటయ్య తాతను ఎవరైనా చూశారా?" అని మందను అడిగింది. ఎవరూ చూడలేదు. "నిన్న సాయంత్రం?" ఊహూ, నిన్న కూడా ఎవరూ చూడలేదు.

అప్పుడు చెంగమ్మ తన జన్మలో అనని మాట అంది. "అయితే వరద ఉందో లేదో నాకు తెలీదు. తెలిసేదాకా ఎవరూ నీళ్లలో కాలు పెట్టకండి. నేను గుట్టెక్కి చూసి వస్తాను."

మంద నోరు వెళ్లబెట్టింది. చెంగమ్మకు సిగ్గుగానే ఉంది. అయినా కూనను వీరాస్వామికి అప్పగించి గుట్ట మీదికి పరుగు తీసింది.

సగం దూరం ఎక్కిందో లేదో, రాళ్ల మధ్య మూలుగు వినపడింది. కోటయ్య! నిన్న మధ్యాహ్నం కాలు జారి పడ్డాడు. తుంటి బెణికి కదలలేకపోతున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

"చెంగమ్మా, నన్ను వదిలేయ్! అటు చూడు!" అన్నాడు.

పైన లోయలో ఎర్రటి నీళ్లు చెట్లను పెళ్లగించుకుంటూ వస్తున్నాయి. చెంగమ్మ వెనక్కి తిరిగి ఒకటే దూకుడు. "వరద! వరద! ఒడ్డు ఎక్కండి!"

మంద ఒడ్డునే ఉంది. సింగన్న మాత్రం "పెద్దది బెదిరిపోయింది, నేను చూపిస్తాను" అని నడివాగులోకి దిగాడు. కేక విని వెనుదిరిగాడు. ఇంకో మూడు అంగలు వేస్తే ఒడ్డే. ఇంతలో వరద వచ్చి కొట్టింది. అంత దూరం దొర్లించుకుపోయి, ఒక రాతిసందులో పడేసింది. బతికాడు. కుడికొమ్ము మాత్రం విరిగి వాగుపాలైంది.

చెంగమ్మ కూనను నాకి నాకి, ఆ తరువాత వీరాస్వామి ముందు తల వంచింది. "మామా, నా బిడ్డను నువ్వే నాకిచ్చావు. నిన్ను చూసి నవ్వాం. మమ్మల్ని క్షమించు."

"నేనేం చేశాను, అమ్మా? ఒక ప్రశ్న అడిగాను. పైపెచ్చు నవ్వులపాలయ్యాను," అన్నాడు వీరాస్వామి. "నీకు తెలీదని తెలిశాక, అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకున్నావు చూడు, కష్టమైన పని నీదే."

వరద తీశాక మంద అంతా గుట్టెక్కింది. నోటినిండా నేరేడుపళ్ల గుత్తులు కరుచుకుని వెళ్లింది. కోటయ్య వాటిని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"నాకెందుకమ్మా ఇవి? నేను రాకపోబట్టే కదా మీ ప్రాణం మీదికి వచ్చింది," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అలా అనకు, తాతా!" అంది చెంగమ్మ. "నువ్వు పడిపోవడం నీ తప్పు కాదు. నువ్వు రాకపోతే, రాలేదని తెలుసుకోకుండా, నువ్వే వెళ్లమన్నట్టు అనుకున్నాం చూడు, అది మా తప్పు. నువ్వు అనని మాట నీ నోట్లో పెట్టాం."

ఆ రోజే ఏర్పాటు మార్చుకున్నారు. వరద కనిపిస్తే తుమ్మకొమ్మ. వెళ్లి చూసి, వరద లేదని తేలితే నేరేడు రెమ్మ. బండ మీద ఏదీ లేకపోతే, సంగతి ఎవరికీ తెలీదని అర్థం. కాలు పెట్టకుండా వెళ్లి చూసి రావాలి.

"మరి ఇప్పపూలకు కూడా ఇంత తతంగమా?" అని ఎవరో అడిగారు.

"దానికి పాత లెక్క చాల్లే! తప్పితే మర్నాడు తింటాం," అన్నాడు వీరాస్వామి. అందరూ నవ్వారు. ఈసారి ఆయనను చూసి కాదు, ఆయనతో కలిసి.

కోటయ్య తుంటి నయమయ్యేదాకా ఒంటికొమ్ము సింగన్నే రోజూ గుట్టెక్కాడు. ఆ తరువాత మళ్లీ కోటయ్య వచ్చాడు, పచ్చని నేరేడు రెమ్మ తెచ్చి బండ మీద పెట్టాడు. చెంగమ్మ రేవులో ఆగిపోయింది. ఇన్నేళ్లూ మంచిరోజుల్లో బండ ఖాళీగా ఉండేది. ఖాళీ బండకు ఎవరు దణ్ణం పెడతారు? తమ కోసం ఒక ముసలి ప్రాణం రోజూ గుట్టెక్కి దిగుతోందని మందలో ఒక్కరికీ తోచనే లేదు.

చెంగమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ రెమ్మకు తల ఆనించింది. వెనకనున్న మంద కూడా ఒక్కొక్కటే వచ్చి తల ఆనించి, అప్పుడు వాగులోకి దిగింది.

నీతి: లేదని తెలియడం వేరు, ఉందని తెలియకపోవడం వేరు, ప్రాణం మీదికి వచ్చే చోట "తెలీదు" అనడానికి సిగ్గుపడకు, వెళ్లి చూసి చెప్పినవారి మేలు మరువకు.