దిగు తల్లీ, దిగు

ఊకొట్టేవాళ్ళుంటేనే కథ, లేకపోతే నేను లేచిపోతాను. అనగనగా ఒక ఎండల సీమ. ఇది నిన్నటి మాట కాదు, మొన్నటి మాటా కాదు. మిద్దెల మీద పలకలు పరిచి, పగటి ఎండను పట్టి, రాత్రికి దీపాలు వెలిగించుకోవడం జనం అప్పుడే నేర్చుకున్నారు. ప్రతి ఇంటి గోడకూ ఒక ఇన్వర్టర్ పెట్టె ఉండేది. పలకలు తెచ్చిన కరెంటును ఇంటికి పనికొచ్చేట్టు మార్చేది అదే. అది ఆగిందా, ఇల్లంతా చీకటి.

ఆ ఊళ్ళో ఆ పెట్టెలు అమ్మేవాడు తిప్పన్న. ఎవరి పెట్టె ఆగినా వచ్చి, మూతైనా తీయకుండా వేలితో రెండు దెబ్బలు కొట్టి, "ఇది సచ్చిపోయిందప్పా, కొత్తది తగిలిద్దాం" అనేవాడు. చచ్చిన పెట్టె దిబ్బకు పోయేది.

అదే ఊళ్ళో ఓబులమ్మ ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టుకుని బతికేది. ఆమె ఆ దిబ్బలో పెట్టెలు ఏరుకొచ్చి, విప్పి, మాడిన ముక్కలు పీకేసి, ఒకదాంట్లో బాగున్నది ఇంకోదాంట్లో అతికేది. మూడు చచ్చిన పెట్టెల్లోంచి ఒక బతికిన పెట్టె లేచేది. నవ్వకండి, నిజమే చెప్తున్నా. ఊరు ఊరంతా ఆమె గుమ్మం తొక్కడం మొదలుపెట్టింది.

ఇక చూడాలి తిప్పన్న సంగతి! కడుపు భగ్గుమంది. అన్నం సహించలేదు.

"ఓబులమ్మకేముంది, నాకేం లేదు?" అన్నాడు పెళ్ళాంతో.

"పోయి అడుగు. చెప్తాది" అంది ఆమె.

"నేనా? పోయి దాన్ని అడుక్కోవాల్నా?" అని కంచం తోసేశాడు.

అడగలేదు. పోయి ఓబులమ్మ పెరటి కంచె వెనక నక్కాడు. అసూయ ఉన్నవాడికి వాకిలి కనిపించదు, కంతలే కనిపిస్తాయి.

మొదటిసారి చూస్తే ఓబులమ్మ వీపు కనిపించింది. ఆమె పక్కన పెంకు మీద టంకం పెట్టే కడ్డీ పొగలు కక్కుతోంది. దాని పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంది. "ఓహో, కిటుకంతా ఎర్ర గుడ్డలో ఉంది" అనుకున్నాడు. ఇంటికి పోయి, పెళ్ళాం ఎర్ర రవిక చించి తన కడ్డీకి చుట్టాడు. దిబ్బ మీది పెట్టె ఒకటి తెచ్చి ఎక్కడపడితే అక్కడ అతికాడు. పెట్టె లేవలేదు. పెళ్ళాం మాత్రం లేచింది, రవిక కోసం.

"ఓబులమ్మకేముంది, నాకేం లేదు?"

రెండోసారి చూస్తే ఆమె తూర్పుకు తిరిగి, బోర్లించిన గంప మీద కూర్చుంది. "ఓహో, కిటుకంతా గంపలో ఉంది" అనుకున్నాడు. ఇంటికి పోయి, గంప బోర్లించి, తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. గంప విరిగింది. పెట్టె లేవలేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని ఊళ్ళో నవ్వుకున్నారు.

"ఓబులమ్మకేముంది, నాకేం లేదు?"

మూడోసారి కంచెకు చెవి ఆనించాడు. ఓబులమ్మ మూత తీసింది. లోపల చెయ్యి పెట్టే ముందు తల వంచి, ఒళ్ళోకి చూస్తూ, మెల్లగా అంది:

"దిగు తల్లీ, దిగు. దిగు తల్లీ, దిగు. దిగు తల్లీ, దిగు."

అప్పుడు చెయ్యి పెట్టింది. తిప్పన్న ఒళ్ళు పులకరించింది. మంత్రం! ఇన్నాళ్ళూ దీన్ని దాచుకుందన్నమాట, దొంగముండ! ఆ మాటను నాలిక మీద పెట్టుకుని, ఎక్కడ మరిచిపోతానో అని ఎవరితోనూ పలకకుండా ఇల్లు చేరాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చౌడప్ప ఇంట్లో పెట్టె ఆగింది. అప్పటికప్పుడు గోడ మీద నుంచి దించి, చంకన పెట్టుకుని వీధిలోకొచ్చాడు చౌడప్ప.

"యాడికి చౌడప్పా?" అన్నాడు తిప్పన్న.

"ఓబులమ్మ కాడికి."

"ఓబులమ్మకేముంది, నాకేం లేదు? ఈడ దించు. అందరూ సూడండి!"

జనం మూగారు. మూత తీశాడు. కళ్ళు మూసుకుని, ఊరంతా వినేట్టు మూడుసార్లు మంత్రం చదివాడు. చెయ్యి పెట్టాడు.

ఫెటిల్లుమంది. తిప్పన్న ఎగిరి అవతల పడ్డాడు. బతికాడు గాని, కుడిచేతి రెండు వేళ్ళు కమిలిపోయాయి. అవి మళ్ళీ వంగలేదు.

తెలివి రాగానే ఏమన్నాడో తెలుసా? "అది తప్పు మంత్రం సదివింది! నేను కంచెనకాల ఇంటాండానని తెలిసి, నన్ను సంపాలని తప్పు మంత్రం సదివింది!" చూశారా, వేళ్ళు కాలినా ఏడుపు చల్లారలేదు.

జనం అతన్ని మోసుకుని ఓబులమ్మ వాకిట్లో దించారు. ఆమె ముందు అతని చేతికి నీళ్ళు పోసింది. తర్వాత అడిగింది.

"ఏం మంత్రమప్పా?"

"దిగు తల్లీ, దిగు అని నువ్వు సదివేది."

ఓబులమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తన ఇంటి గోడ మీది పెట్టెనే అప్పటికప్పుడు విడదీసి, దించి, మూత తీసింది. పనిలో ఎప్పుడూ ఒళ్ళో పెట్టుకునే, రెండు వైర్లున్న బల్బు తీసింది. వైర్లను లోపలున్న లావుపాటి డబ్బాకు ఆనించింది. బల్బు భగ్గున వెలిగింది.

"పెట్టెను గోడ మీంచి దించినా కరెంటు దీంట్లో కూర్చునే ఉంటాది. దాన్ని బల్బులోకి దించల్ల. దిగు తల్లీ, దిగు." బల్బు మసకబారింది. "దిగు తల్లీ, దిగు." ఎర్రని పోగు మిగిలింది. "దిగు తల్లీ, దిగు." ఆరిపోయింది. "ఇప్పుడు పెట్టు సెయ్యి."

"అయితే మంత్రం ఉత్తదేనా?" అన్నాడు తిప్పన్న.

"ఉత్తదెట్లయితాది? నోరు ఆడతా ఉంటే సెయ్యి ఆగుతాది. నా సెయ్యికి తొందరెక్కువప్పా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అడిగినోళ్ళందరికీ చెప్పినా. అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వు కంచెనకాల్నే కూర్చుంటివి. ఇటు ముందరికొచ్చి కూర్చునుంటే బల్బు కనపడేది గదా."

తిప్పన్న తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి ముందుకొచ్చి కూర్చున్నాడు. ఎడమచేత్తో పని నేర్చుకున్నాడు. అసూయ పోయిందనుకుంటున్నారా? ఎక్కడ పోతుంది! "ఓబులమ్మ ఉందా?" అని ఎవరైనా వాకిట్లో అడిగితే చాలు, మొహం మాడ్చుకునేవాడు.

కొన్నేళ్ళకు ఓబులమ్మ పోయింది. ఆమె బాగుచేసిన పెట్టెలున్న ఇళ్ళవాళ్ళంతా తలా ఒక బల్బు తెచ్చి ఆమెను పూడ్చిన మట్టి మీద పెట్టారు. తిప్పన్న చూసి కుళ్ళిపోయాడు. "నేను పోతే ఒక్కడు తెస్తాడా?" అనుకున్నాడు. చచ్చిన మనిషి మీద కూడా ఏడ్చాడు, ఏం చెప్పమంటారు!

మర్నాడు తిప్పన్న దగ్గరికి ఒక పెట్టె వచ్చింది. బల్బు ఆనించి, తన పేరన్నా నిలవాలని, "దిగు తిప్పన్నా, దిగు" అన్నాడు. పెట్టె తెచ్చినామె టక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయమ్మ పేరు చెప్పందే లోపల సెయ్యి పెట్టనియ్యను. ఇంకో రెండు వేళ్ళు పోగొట్టుకుంటావా?"

తిప్పన్న పళ్ళు కొరుక్కుంటూ బల్బు మళ్ళీ ఆనించాడు.

"దిగు ఓబులమ్మ తల్లీ, దిగు."

ఏ పేరు వింటే కడుపు మండేదో, ఆ పేరే బతికినన్నాళ్ళూ పొద్దున లేస్తే పలికాడు. పలికి పలికి, ఒకనాడు పలుకుతూ ఏడ్చాడట. అది ఓర్వలేని ఏడుపు కాదు, ఆమె కోసం ఏడ్చిన ఏడుపు.

ఇప్పటికీ ఆ సీమలో ఏ పెట్టె మూత తీసినా ముందు బల్బు ఆనించి, ఆరేదాకా మూడుసార్లు ఓబులమ్మను దిగమంటారు. అరకొరగా నేర్చుకొచ్చినవాణ్ణి చూసి "తిప్పన్న మంత్రం" అంటారు. అట్లా అతని పేరూ నిలిచింది, పాపం. ఎవరి పిల్లైనా దూరంగా నిలబడి ఇంకొకరి పని మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుంటే, తిట్టరు. గంప ఒకటి బోర్లించి, "ముందుకొచ్చి కూర్చో" అంటారు.